మేడారపు బండి ప్రయాణము

మా ఓరుగంటి సీమలో రెండేండ్లకొకసారి మాఘమాసము సమీపించుసరికి ప్రతి యింటను ఒకే ప్రశ్న వినవచ్చును: ఈసారి మేడారమునకు ఎట్లు పోవుదుము? పోవుదుమా మానుదుమా యను సంశయ మెవ్వరికిని ఉండదు. హనుమకొండనుండి ఆ యూరికి రమారమి నూఱు కిలోమీటర్లు. జాతర దినములలో వేలకొలది బస్సులు నడచును. కార్లున్నవారు కార్లలో పోవుదురు. పల్లెలవారు ట్రాక్టరులు కట్టుకొని పోవుదురు. 2024వ సంవత్సరము ఫిబ్రవరి 21 మొదలు 24 వఱకు జరిగిన జాతరకు మేము ఎడ్లబండిమీద పోతిమి.

ఇది వేడుకకు చేసిన పని కాదు. మా యింటి పిల్లవానికి ఆఱవయేట విషజ్వరము తగిలి, పండ్రెండు దినములు ఆసుపత్రిలో ఉండవలసివచ్చెను. అప్పుడు మా అత్తగారు సమ్మక్కతల్లికి మ్రొక్కుకొన్నారు: పిల్లవాడు లేచి తిరిగినచో వాని యెత్తు బంగారముతో, తమ చిన్ననాడు వచ్చినట్లే బండి కట్టుకొని వచ్చి దర్శనము చేసికొందునని. బంగారమనగా బెల్లము. మేడారమున దానిని బెల్లమని యెవ్వరు ననరు. మ్రొక్కు ఆమెది, బండిలో కూర్చుండవలసినవారము మేమందఱము. ఆడవారము నలుగురము, పిల్లలు ముగ్గురు. కావున ఆ బండి యెట్టిదో, ఎవరు నడుపుదురో, ఎక్కడ ఏ యపాయ మున్నదో విచారించుకొనక తప్పినది కాదు. ఆ విచారములో తెలిసికొన్న సంగతులే యిక్కడ ముచ్చటించుచున్నాము.

దూరదేశపు సోదరీమణులకొఱకు ఒక్కమాట. మేడారము తాడ్వాయి మండలములోని అడవిపల్లె. 2016 వఱకు వరంగల్లు జిల్లాలోనే యుండెను. 2019 మొదలు ములుగు జిల్లా క్రిందికి వచ్చినది. అచ్చట దేవాలయ గోపురములు లేవు, విగ్రహములు లేవు. కోయ పూజారులు చిలుకలగుట్టనుండి సమ్మక్కను కుంకుమభరిణె రూపమున గద్దెకు తెచ్చెదరు. కన్నెపల్లినుండి సారలమ్మ వచ్చును. కాకతీయ ప్రతాపరుద్రుని సేనతో పోరాడి ప్రాణములు విడిచిన తల్లీకూతుండ్రుగా వారిని జనులు కొలుచుచున్నారు. సమ్మక్క కుమారుడు జంపన్న పడిన సంపెంగవాగు నాటినుండి జంపన్నవాగైనది.

ఇక బండి సంగతి. ఆత్మకూరు దాపున మా పుట్టినింటివారి పల్లెలో పాత గూడుబండి యొకటి యున్నది. పొలము పనులన్నియు ట్రాక్టరు చేయుచున్నందున అది రెండేండ్లుగా కొట్టములోనుండి కదలలేదు. దానిని నడిపెడి పెద్దయ్యకు డెబ్బదియేండ్లు దాటినవి. బాల్యమునుండి యెన్ని జాతరలకు బండి తోలెనో ఆయనకే లెక్క తెలియదు. మేము వెళ్లి చూచుసరికి బండి కడిగి, పసుపు పూసి, ముచ్చటగా నున్నది. ఇంకేమి, ఎడ్లను కట్టుటయే తరువాయి యనుకొంటిమి. పెద్దయ్య తల యూపి, "బిడ్డా, దినాం తిరిగే బండిని నమ్మొచ్చు గని పండుకున్న బండిని నమ్మొద్దు" అనెను.

తరువాత ఆయన చేసిన పని మా కన్నులయెదుటనే జరిగినది. చిన్న సుత్తి తీసికొని చక్రపు ఆకులను ఒక్కొక్కదానినే తట్టెను. బిగువుగా నున్న ఆకు ఖంగుమనును. వదులైన ఆకు డబ్బుమని మూగగా పలుకును. కుడిచక్రములో రెండాకులు మూగవి. కొయ్య యెండినకొలది కుంచించుకొనును, ఇనుము కుంచించుకొనదు. కావున ఆకులకును పూటీలకును సందు వచ్చును. వానిని చుట్టి బిగించి యుంచవలసిన ఇనుపపట్టా వదులగును. ఊరక నిలిపియుంచి చూచిన ఏమియు తెలియదు. బరువెక్కించి పది కోసులు నడిపినపిమ్మట, ఎక్కడనో యొక గుంతలో, చక్రము పువ్వువలె విచ్చిపోవును. కొందఱు ప్రయాణమునకు ముందు చక్రములను చెఱువులో ఒక రాత్రి నానబెట్టుదురు. కొయ్య యుబ్బి పట్టా బిగియును, నిజమే. కాని రెండుదినములు ఎండలో నడచినంతనే మఱల ఎండి వదులగును. అప్పటికి మనము అడవి నడుమ నుందుము. ఊరికి పోయివచ్చుటకు ఈ యుపాయము చాలునేమోకాని మేడారమునకు చాలదు.

అందుచేత చక్రము కమ్మరి యింటికి పోయినది. వడ్రంగి రెండాకులు క్రొత్తవి వేసినతరువాత, కమ్మరి పట్టాను విప్పి, కొలిచి, కొంచెము కురుచ చేసి మఱల అతికెను. నేలమీద పిడకలు వలయముగా పేర్చి, నడుమ పట్టా నుంచి నిప్పు పెట్టిరి. అది యెఱ్ఱబడి సాగినతోడనే ముగ్గురు పట్టుకారులతో ఎత్తి చక్రముపై దింపిరి. కొయ్య భగ్గుమని మండుచుండగనే ఇద్దఱు స్త్రీలు బిందెలతో నీరు కుమ్మరించిరి. చల్లారినకొలది పట్టా కుంచించుకొని, ఆకులన్నిటిని పటపటమని నడిమి మొద్దులోనికి బిగించుచుండ ఆ చప్పుడు విని పిల్లలు చప్పట్లు కొట్టిరి. ఈ పని యెఱిగిన కమ్మరులు ఇప్పుడు మూడు నాలుగూళ్లకొక్కడైన లేడు.

ఆ రాత్రి కెనడాలో కాపురమున్న మా ఆడబిడ్డ కూతురు ఫోను చేయగా ఈ సంగతి చెప్పితిమి. ఆ పిల్ల నవ్వి, "అత్తమ్మా, మా ఇంట్లో కూడా ఒక పండుకున్న బండి ఉంది" అన్నది. వారి మంచుబండిని గూర్చి ఆ మాట. స్నోమొబైలు అందురు. మోటారు సైకిలువలె పిడి, కూర్చుండుటకు పీట. ముందర మంచుపై జారు రెండు పలకలు, వెనుక గుండ్రముగా తిరుగు రబ్బరుపట్టా. వేసవియంతయు అది కొట్టములో పడియుండును. మొదటి మంచు పడినదని తొందరపడి యెక్కినవారే కష్టపడుదురట. నిలువయున్న పెట్రోలు చెడును. గాలిపోవు గొట్టములో ఎలుకలు గూళ్లు కట్టును. రబ్బరుపట్టా వదులై యొరయును. కావున ఎక్కుటకు ముందే అన్నియు చూచుకొందురు. నడుపువాని యొడలికి ఒక త్రాడు తగిలింతురు. వాడు జారిపడినచో త్రాడు ఊడివచ్చి యంత్రము దానంతట నిలుచును. ఒంటరిగా నెవ్వరును దూరము పోరు.

ఆ బండి పుట్టుక వినినపుడు మా మనస్సు కలతపడినది. కెనడాలో క్యుబెక్కు రాష్ట్రమున వాల్కూరను నూరిలో జోసెఫ్ అర్మాన్ బొంబార్డియే యను యంత్రకారుడుండెను. 1934వ సంవత్సరపు శీతకాలమున ఆయన రెండేండ్ల కుమారునికి కడుపులో ప్రేగు చెడి ప్రాణముమీదికి వచ్చెను. ఊరు మంచులో మునిగి దారులన్నియు మూసికొనియుండుటచే ఆసుపత్రికి చేర్చు సాధనము లేక బిడ్డ చనిపోయెను. అంతకుమునుపే మంచుపై నడచు బండికై పాటుపడుచున్న ఆ తండ్రి పని విడువక 1937లో తన పట్టాచక్రమునకు హక్కుపత్రము పొందెను. మొదట చేసినవి పలువురు కూర్చుండు పెద్దబండ్లు; వైద్యులును, తపాలవారును వానిని వాడుకొనిరి. ఒకరిద్దఱెక్కు చిన్నబండి 1959లో వచ్చినది. ఆస్పత్రి దాపుననే యుండబట్టి మా పిల్లవాడు దక్కెనని మా అత్తగారు ఆ కథ విని చాలసేపు మాటాడలేదు.

మరునాడు కందెన. ఇప్పుడు డబ్బాలలో గ్రీజు దొరకునుగదా యని మేమనగా, పెద్దయ్య యింటి ముసలమ్మ ఒప్పుకొనలేదు. వరిగడ్డి కాల్చిన మసిని మెత్తగా నూఱి, ఆముదములో కలిపి, వెదురుగొట్టములో నింపి బండి క్రింద వ్రేలాడగట్టినది. గ్రీజైనను చెడ్డది కాదని మా యభిప్రాయము. కాని దినమునకొకసారి చక్రము కొంచెము వెలికి లాగి ఇరుసుకు పూయకపోయినచో ఏదియైనను ఒకటే. చక్రము జారిపోకుండ ఇరుసు చివర నుండు చీల బొటనవ్రేలంత ఇనుపముక్క. అది యరిగియుండెనని క్రొత్తది వేసి, మఱొకటి గుడ్డలో చుట్టి గూటిలో కట్టినారు. ఏడుగురి ప్రాణములు దానిపై నుండునని తలచినపుడు ఆ ముక్కను మేమే రెండుమార్లు తడవి చూచుకొంటిమి.

నేడు పల్లెలలో చాలవఱకు టైరుబండ్లు వచ్చినవి. కుదుపు తక్కువ, ఎడ్లకు లాగుట సులువు. అయితే వానియందు వేఱొక చిక్కున్నది. పల్లమున అవి తమంతట దొర్లి ఎడ్లమీదికి పోవును; కొయ్యచక్రమువలె నేలను పట్టవు. పాతటైర్లు కొని వేయువారు గాలియు, లోని బేరింగులును చూచుకొనకుండుట మేము దారిలో పలుమార్లు కంటిమి.

బండి యెక్కించుట నడుపుటకంటె పెద్దవిద్య. రెండుచక్రముల బండి త్రాసువంటిది. బరువు ముందునకు మొగ్గెనా, అదంతయు ఎడ్ల మెడలమీద పడి పుండ్లు లేచును. వెనుకకు మొగ్గెనా, నొగలు పైకి లేచి మెడత్రాళ్లు గొంతుకు బిగిసి ఎడ్లు ఊపిరాడక నిలిచిపోవును. పిల్లవాని యెత్తు బంగారము పందొమ్మిది కిలోలు. మా అత్తగారు దానిని ఎదుట తమ ఒడియొద్దనే పెట్టుకొందుమనిరి. పెద్దయ్య వినయముగనే కాని గట్టిగా చెప్పెను: "అవ్వా, బంగారం తల్లిది. బండిల మాత్రం అది ఇర్సు మీదనే కూసోవాలె." బియ్యపుమూట, నీళ్లబిందె, బంగారము సరిగా ఇరుసుపైకి వచ్చినవి. లావుపాటివారు నడుమ, పిల్లలు పెద్దల నడుమ. పీట మార్చుకొనవలెనన్నచో మొదట నడుపువానికి చెప్పవలెను.

ఆడవారు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినది కొంగు. గూడుబండి ప్రక్కకు ఆనుకొని కూర్చున్నప్పుడు చీరకొంగుగాని, ఆడపిల్లల చున్నీగాని గాలికి జారి ఆకులనడుమ చిక్కుకొనును. చక్రము మెల్లగా తిరుగునుగదా యని తలపరాదు, అది ఆగదు. 1927వ సంవత్సరము సెప్టెంబరు 14న ఫ్రాన్సుదేశమున నీసు నగరములో ఇసడోరా డంకన్ అను ప్రసిద్ధ నర్తకి యిట్లే మృతినొందినది. మెడనున్న పట్టుగుడ్డ మోటారుబండి చక్రములో చుట్టుకొనెను. మేము నలుగురమును కొంగులు నడుమునకు దోపుకొని, చున్నీలు మూటలో కట్టితిమి. పిల్లలు కాళ్లు వెలికి వ్రేలాడవేయకుండ వెనుకతట్టున తడిక కట్టించితిమి.

ఫిబ్రవరి 18 ఆదివారము తెల్లవారుజామున మూడు గంటలకు బయలుదేరితిమి. శుద్ధపక్షమైనను వెన్నెల అప్పటికే క్రుంకినది. దినమునకు పాతిక కిలోమీటర్లు, అంతకు మించరాదని ఏర్పాటు. తొమ్మిది గంటలవఱకు నడక, ఎండ తగ్గువఱకు చెట్టునీడ, సాయంకాలము మఱి రెండు గంటలు. తారురోడ్డుపై డెక్కలరుగకుండ ఎడ్లకు లాడములు వేయించిరి.

నిజముగా మాకు భయము పుట్టించినది అడవి కాదు, రోడ్డు. హైదరాబాదునుండి భూపాలపట్నము పోవు 163వ సంఖ్య జాతీయరహదారి యది. చీకటిలో వెనుకనుండి వచ్చు లారీవానికి ఎడ్లబండి కనబడదు. కనబడునప్పటికి వాడు ఆపలేడు. బండి వెనుక తడికకును, గూటి రెండు ప్రక్కలను, ఎడ్ల కొమ్ములకును రేడియము కాగితములు అంటించితిమి. దీపము పడినంతనే అవి నిప్పుకణికలవలె వెలుగును. వెనుకవైపు ఎఱ్ఱని బ్యాటరీదీప మొకటి. పెద్దయ్య పాతకాలపు లాంతరే చాలుననెను; అందు మాత్రము మేము ఒప్పుకొనలేదు. ఇరుసు క్రింద గడ్డి వ్రేలాడుచుండగా మండు లాంతరు కట్టుట మాకు సరిపడలేదు. నాలుగయిదు బండ్లు కూడి పోవునప్పుడు మొదటిబండికిని చివరిబండికిని తెలివైనవారుండవలెను. నడుమబండి నడుపువాడు కునికినను ఎడ్లు ముందుబండిని అనుసరించును. వంట యెప్పుడును బండికి ఇరువది అడుగుల దూరమున, గాలికి దిగువన. వండినతరువాత పొయ్యిపై నీళ్లు చల్లి, మన్ను కప్పి, చేయి పెట్టి చూచినపిదపనే లేచితిమి.

కటాక్షపురపు చెఱువు, మల్లంపల్లి, జాకారము దాటి గట్టమ్మతల్లియొద్ద కొబ్బరికాయ కొట్టితిమి. మేడారము పోవువారెవరును అచ్చట ఆగక పోరు. ములుగు దాటినపిదప జంగాలపల్లియొద్ద రామప్పకు దారి చీలును. 1213లో కట్టి ముగించిన ఆ గుడిని 2021లో యునెస్కోవారు ప్రపంచవారసత్వములో చేర్చిరి. ఎడ్లకు పదునెనిమిది కిలోమీటర్లు అదనమగునని మేము చూడకయే సాగితిమి. పసర దాటి నార్లాపురము దారి పట్టినంతనే టేకులు, మద్దులు. ఆకు రాలిన కొమ్మలపై మోదుగపూలు మండుచున్నవి.

అచ్చటనే ఒక వాగుగట్టు పల్లములో మా ముందుబండికి ప్రమాదము జరిగినది. వేఱొక యూరి యువకులు, టైరుబండి, పదిమంది యెక్కియున్నారు. వాగు దిగునప్పుడెవ్వరును దిగలేదు. బండి ఎడ్లమీదికి దొర్లినది, అవి బెదరి పరుగెత్తి ఇసుకలో దిగినవి, చక్రములు కూరుకొనెను. వెంటనే అందఱును ఒక్కసారిగా వెనుకవైపునుండి దుముకబోయిరి. వెనుక బరువై నొగలు ఆకాశమునకు లేచినవి. ఎడ్లు కాడికి వ్రేలాడి గుడ్లు తేలవేసినవి. ఒక చంటిపిల్లతో తల్లి గూటిలోనుండి జారి ఇసుకలో పడినది. పెద్దయ్య మా పగ్గములు మా చేతికిచ్చి, పరుగున పోయి, నొగలపై తన బరువంతయు వేసి దింపెను. మఱియొకడు కొడవలితో మెడత్రాడు కోసెను. తల్లికి మోచేయి చెక్కుకొనిపోయినది. బిడ్డకు దెబ్బ తగులలేదు. ఒక యెద్దు మాత్రము మఱి లేచి లాగలేకపోయినది.

మా బండి దిగునప్పుడు పెద్దయ్య చేసినదంతయు వరుసగా చూచితిమి. పల్లమునకు ముందే బండి నిలిపి, చక్రములకు రాళ్లు పెట్టి, మా అందఱిని దింపెను. ఒక్కొక్కరమే, ముందువారు ముందు, వెనుకవారు వెనుక, త్రాసు చెడకుండ. తాను కఱ్ఱ పట్టుకొని వాగు అడ్డముగా నడచి, ఎక్కడ నేల గట్టిగా నున్నదో పొడిచి చూచివచ్చెను. మంచుదేశములలో గడ్డకట్టిన చెఱువుపై బండి నడుపువారు ముందు రంధ్రము చేసి మంచుగడ్డ మందము కొలుతురని ఆ పిల్ల చెప్పినది. స్నోమొబైలునకు గట్టి స్వచ్ఛమైన గడ్డ అయిదునుండి ఏడంగుళములైన నుండవలెనట. ఇసుకలో మునిగినచో బండి నిలిచిపోవును. అచ్చట మునిగినచో మనిషి యుండడు. ఆ తరువాత పల్లమున బండి వెనుక ఒక దుంగ కట్టి ఈడ్పించెను, అది పట్టుకొని ఎడ్లమీదికి బండి దొర్లదు. ఇసుకలో దిగినపిదప మాత్రము ఎక్కడను ఆపలేదు. పోయిన బండ్ల జాడలోనే, కేకలు లేక, ములుకోల తాకింపక, ఒక్కపట్టున ఆవలిగట్టు చేర్చెను. మేము మోకాలిలోతు నీటిలో పిల్లలను చంక నెత్తుకొని వెనుక నడచితిమి. మా అత్తగారును నడచిరి. బండిలో నిలిచినది బంగారమొక్కటే.

మంగళవారము రాత్రి మేడారము చేరితిమి. ఎద్దు కూలబడిన ఆ యూరివారును వేఱొక యెద్దును బదులు తెచ్చుకొని మరునాటి మధ్యాహ్నమునకు చేరినారు. తల్లి మోచేతికి కట్టు కట్టుకొని పిల్లను ఎత్తుకొని జంపన్నవాగులో మా ప్రక్కనే స్నానము చేసినది. గురువారము సాయంకాలము సమ్మక్కను చిలుకలగుట్టనుండి దింపునప్పుడు గౌరవసూచకముగా తుపాకి పేల్చుదురు. ఆ చప్పుడునకు ఎడ్లు బెదరునని ముందే వానిని దూరపు మోటుచెట్లకు రెండేసి త్రాళ్లతో కట్టి, పెద్దయ్య వానియొద్దనే నిలిచెను. తల్లి గద్దెకు వచ్చుట ఆయన చూడలేదు. బంగారము సమర్పించి పిల్లవానిని ఎత్తుకొని వచ్చిన మా అత్తగారు కుంకుమ మొదట ఎడ్ల నొసట పెట్టి, పిదప ఆయన కిచ్చిరి.

తిరిగి యిల్లు చేరిన మూడవనాడు బండి మఱల కొట్టమునకు పోయినది. ఈసారి మేమును వెంట నుంటిమి. చక్రములు మట్టిపై ఆనకుండ ఇరుసు క్రింద రెండు రాతిదిమ్మెలు పెట్టించి బండిని లేపినారు. ఇసుక అంతయు కడిగి, ఎండబెట్టి, ఇరుసుకు కందెన నిండుగ పూసినారు. పగ్గములు, మెడత్రాళ్లు ఎలుకలు కొఱకకుండ విప్పి దూలమునకు కట్టినారు. చీలను తీసి, నూనెగుడ్డలో చుట్టి, ముసలమ్మ తన బియ్యపు కుండలో దాచినది. ప్రతి అమావాస్యనాడును చక్రములను పాతిక త్రిప్పుట మా తమ్ముని భార్యకు అప్పగించినారు. ఆమె గోడపై బొగ్గుతో గీతలు గీసికొని లెక్క పెట్టుకొనుచున్నది.